కళ్లజోడు లేకుండా చూపు మెరుగవుతుందా? మారేది ఏది, మారనిది ఏది

మైనస్ పవర్ ఉన్నవాళ్లు ఒక చిన్న పని చేసి చూడండి. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ఒక అట్టముక్కకి గుండుసూదితో చిన్న కన్నం పొడిచి, ఒక కన్ను మూసుకుని, రెండో కంటికి ఆ కన్నాన్ని బాగా దగ్గరగా పెట్టుకుని దూరంగా ఉన్న గోడ గడియారం వైపు చూడండి. వెలుతురు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, ఇందాక అలికేసినట్టున్న ముల్లులూ అంకెలూ ఇప్పుడు విడివిడిగా కనిపిస్తాయి. అట్టముక్క తీయగానే మళ్లీ అంతా మసక. ఆ పది సెకన్లలో పవర్ ఏమీ తగ్గలేదు, అయినా చూపు మాత్రం మెరుగైంది.

కళ్లజోడు అక్కర్లేకుండా చేస్తామని చెప్పే పద్ధతుల గురించి మాట్లాడుకునేటప్పుడు మొదట పట్టుకోవాల్సింది ఈ తేడానే. కంటికి ఉన్న పవర్ వేరు, ఆ కంటితో మనకు ఎంత బాగా కనిపిస్తోంది అన్నది వేరు. రెండోది రోజును బట్టి, వెలుతురును బట్టి, అలసటను బట్టి, అలవాటును బట్టి మారుతూనే ఉంటుంది, దాన్ని కొంత పెంచుకోవచ్చు కూడా. మొదటిది, కన్ను ఎదిగిపోయాక, వ్యాయామాలకు లొంగదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే "నాకు నిజంగా తగ్గింది" అని నిజాయితీగా చెప్పేవాళ్లకీ, "అదంతా ఉత్తిదే" అని కొట్టిపారేసేవాళ్లకీ ఎప్పటికీ పొసగదు. ఇద్దరూ వేర్వేరు సంగతుల గురించి మాట్లాడుతున్నారు.

సైటు వచ్చిందంటే కంటి నరాలు బలహీనపడ్డాయని చాలామంది అనుకుంటారు. మామూలు సైటు నరాల సమస్య కాదు, కొలతల సమస్య. కంటి ముందున్న అద్దంలాంటి పొర కార్నియా, దాని వెనకున్న లెన్స్, ఈ రెండూ వెలుతురును వంచి వెనకవైపున్న తెరలాంటి రెటీనా మీద పడేలా చేస్తాయి. ఈ రెండింటి శక్తి కలిపి దాదాపు 60 డయాప్టర్లు (కళ్లజోడు పవర్‌ను కొలిచేది కూడా ఈ యూనిట్‌లోనే), అందులో సుమారు మూడింట రెండు వంతులు కార్నియాదే. పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు 17 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, పెద్దయ్యేసరికి 24కి దగ్గరగా వస్తుంది. ఈ ఎదుగుదల ఎక్కడ ఆగాలో అక్కడ ఆగితే దూరంలో ఉన్నది సరిగ్గా రెటీనా మీదే పడుతుంది. ఆగకుండా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగినా 2.5 నుంచి 3 దాకా మైనస్ వచ్చేస్తుంది. అంటే మైనస్ 5 ఉన్న కన్ను ఉండాల్సిన దానికంటే సుమారు 2 మిల్లీమీటర్లు పొడవు. అలా సాగిపోయిన గోడను వెనక్కి లాగి పొట్టి చేసే కండరం కంటి చుట్టూ ఎక్కడా లేదు.

ఉందని గట్టిగా నమ్మిన మనిషి ఒకాయన ఉన్నారు. న్యూయార్క్‌లో కళ్ల డాక్టరుగా పనిచేసిన విలియం హొరేషియో బేట్స్ (1860–1931). ఇప్పుడు ఆన్‌లైన్‌లో కనిపించే కంటి వ్యాయామాల్లో చాలావాటి మూలం ఆయన 1920లో సొంతంగా వేసుకున్న పుస్తకంలోనే దొరుకుతుంది. అరచేతులతో కళ్లు మూసుకుని చీకట్లో విశ్రాంతి ఇవ్వడం, ఒళ్లంతా ఊపుతూ చూపును అటూ ఇటూ తిప్పడం, ఒకేచోట గుచ్చి చూడకుండా దృష్టిని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జరపడం, ఎండను కళ్లకు తగలనివ్వడం, ఇవన్నీ ఆయనవే. వీటి వెనక ఆయన లెక్క ఏంటంటే, దగ్గరకీ దూరానికీ ఫోకస్ మార్చేది లోపలి లెన్స్ కాదు, కనుగుడ్డును బయట నుంచి పట్టుకుని ఉండే ఆరు కండరాలు. టెన్షన్ వల్ల అవి బిగుసుకుపోయి కన్నును సాగదీస్తాయి. టెన్షన్ వదిలిస్తే కన్ను మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది.

వినడానికి బాగుంది. కానీ ఈ ప్రశ్నకు జవాబు ఆయనకంటే 100 ఏళ్లకు పైగా ముందే దొరికింది. 1801లో థామస్ యంగ్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త తన కంటిమీదే ప్రయోగం చేసుకున్నారు. కార్నియా ప్రభావం లేకుండా చేయడానికి కంటిని నీళ్లలో ఉంచి చూశారు, దగ్గర వస్తువుల మీద ఫోకస్ చేసే శక్తి పోలేదు. అంటే ఆ పని కార్నియాది కాదు. తర్వాత కనుగుడ్డు పొడవు మారుతుందేమోనని తన కంటినే ముందూ వెనకా లోహపు వస్తువుల మధ్య బిగించి, దగ్గర వస్తువుల వైపు చూశారు. కన్ను సాగి ఉంటే వెనకవైపు ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడికి కంట్లో కనిపించే మెరుపు మచ్చ పెద్దదవ్వాలి. అవ్వలేదు. ఇక మిగిలింది లెన్సే. అది ఎలా జరుగుతుందో 1855లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించారు: లెన్స్ చుట్టూ ఉన్న సిలియరీ కండరం బిగుసుకుంటే లెన్స్‌ను పట్టి ఉంచే సన్నటి దారాలు వదులై లెన్స్ ఉబ్బుతుంది, దగ్గరవి స్పష్టమవుతాయి.

ఇంత వెనక్కి వెళ్లక్కర్లేదు, ఇప్పుడు ఏ ఇంట్లోనైనా కనిపించే రుజువు ఒకటుంది. శుక్లాల ఆపరేషన్‌లో సొంత లెన్స్ తీసేసి మామూలు కృత్రిమ లెన్స్ పెట్టించుకున్నవాళ్లకి దూరం చక్కగా కనిపిస్తుంది, చదవడానికి మాత్రం అద్దాలు కావాలి. బయటి కండరాలు ఆరూ వాళ్లకి భేషుగ్గా ఉన్నాయి. ఫోకస్ చేసేది నిజంగా అవే అయితే ఆ అద్దాల అవసరమే రాకూడదు.

మరి బేట్స్ పద్ధతి పాటించి బాగుపడ్డామన్నవాళ్లంతా అబద్ధం చెప్పారా? లేదు, చాలామందికి నిజంగానే ఏదో మెరుగైంది. ఆ ఏదో ఏమిటన్నదే అసలు ఆసక్తికరమైన భాగం, దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మొదటిది మెదడు సర్దుబాటు. మైనస్ పవర్ ఉన్న మనిషి గంటో రెండు గంటలో కళ్లజోడు లేకుండా గడిపితే మసకగా వచ్చే బొమ్మలోంచే ఎక్కువ వివరం పిండుకోవడం మెదడు నేర్చుకుంటుంది. పరీక్ష బోర్డు మీద ఒకటి రెండు వరుసలు అదనంగా చదవగలుగుతారు. అదే సమయంలో మెషిన్‌తో పవర్ కొలిస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇది భ్రమేమీ కాదు, చదవగలిగిన అక్షరాలు నిజంగానే పెరిగాయి. కానీ కళ్లజోడు పెట్టుకుంటే కనిపించే స్పష్టతకు అది చాలా దూరం, చీకటి పడ్డాక రోడ్డు మీదికి వస్తే ఆ లాభం దాదాపుగా ఆవిరైపోతుంది. ఎందుకంటే చీకట్లో కనుపాప పెద్దదవుతుంది, పెద్దదైనకొద్దీ మసక పెరుగుతుంది.

రెండోది మొదట్లో చెప్పిన సూది కన్నం. తెలియకుండానే కళ్లు చికిలించడం కూడా రెప్పల మధ్య సందును ఇరుకు చేసి అదే పని చేస్తుంది. ఎండలో కనుపాప కుంచించుకుపోయినా అంతే, అందుకే కొద్దిపాటి మైనస్ ఉన్నవాళ్లకి మధ్యాహ్నం బయట బాగానే కనిపించి సాయంత్రం గదిలోకి వచ్చేసరికి మసకబారుతుంది. కన్నాలు పొడిచిన నల్ల ప్లాస్టిక్ కళ్లద్దాలు "పవర్ తగ్గించే అద్దాలు" అని అమ్మేది కూడా ఈ సూత్రం మీదే. పెట్టుకున్నంతసేపూ పనిచేస్తాయి, తీశాక ఏమీ మిగలదు. పైగా పక్కల చూపు పోతుంది కాబట్టి వాటితో నడవడం, బండి నడపడం ప్రమాదం.

మూడోది కన్నీటి పొర. కళ్లు కాసేపు గట్టిగా మూసి తెరిచినప్పుడు ఒక్క క్షణం అంతా అద్దంలా స్పష్టంగా మెరిసి మళ్లీ మసకబారడం చాలామందికి అనుభవమే. వ్యాయామాలు చేసేవాళ్లు దీన్ని చూపు తిరిగి వస్తోందనడానికి మొదటి గుర్తుగా చెప్పుకుంటారు. కార్నియా మీద పరుచుకునే కన్నీటి పొర మందం మారినప్పుడు అది తాత్కాలికంగా ఒక చిన్న లెన్స్‌లా పనిచేస్తుంది, అంతవరకే. ఇక అదే బోర్డు రోజూ చూస్తుంటే అక్షరాలు బట్టీ పట్టేయడం ఎలాగూ ఉంటుంది.

ఇవన్నీ తీసేసి అసలు పవరే తగ్గిందో లేదో తెలుసుకోవాలంటే ఇంట్లో టేపు చాలు. కళ్లజోడు లేకుండా ఒక కన్ను మూసుకుని, చిన్న అక్షరాలున్న కాగితాన్ని ముక్కు దగ్గర నుంచి మెల్లగా దూరం జరుపుతూ వెళ్లండి. అక్షరాల అంచులు మసకబారడం మొదలయ్యే చోట ఆపి కంటి నుంచి కాగితానికి దూరం కొలవండి. 100ని ఆ సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేది రమారమి మీ మైనస్. 50 సెంటీమీటర్లయితే మైనస్ 2, 25 అయితే మైనస్ 4, 20 అయితే మైనస్ 5. మూడు నెలలు ఏ పద్ధతైనా పాటించి, అదే గదిలో, అదే లైటు కింద, కళ్లు చికిలించకుండా మళ్లీ కొలవండి. మైనస్ 4 నిజంగా మైనస్ 3 అయితే 25 సెంటీమీటర్లు 33 కావాలి, దాక్కునే తేడా కాదది. పూర్తిగా నయమైందనేవాళ్లకి అసలు మసక మొదలయ్యే చోటే గదిలో దొరక్కూడదు. ఆస్టిగ్మాటిజం (కార్నియా వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం) ఉన్నవాళ్లకి ఈ కొలత అంత కచ్చితంగా రాదు, అయినా ముందుకీ తర్వాతకీ పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఈ కొలతలోనూ నిజంగా మార్పు కనిపించేవాళ్లు కొందరుంటారు, వాళ్లని పక్కన పెట్టేయకూడదు. గంటల తరబడి దగ్గర పని చేస్తే సిలియరీ కండరం బిగుసుకుపోయి వదలకుండా ఉండిపోతుంది. చూపు ఎత్తి దూరం చూసినా లెన్స్ దగ్గర ఫోకస్‌లోనే ఇరుక్కుని ఉంటుంది కాబట్టి లేని మైనస్ ఉన్నట్టు తేలుతుంది. మైనస్ సైటును డాక్టర్లు మయోపియా అంటారు, కాబట్టి దీన్ని దొంగ మయోపియా అనొచ్చు. చదువుకునే పిల్లల్లో, పరీక్షల రోజుల్లో ఇది బాగా కనిపిస్తుంది. కంట్లో చుక్కలు వేసి కండరాన్ని వదులు చేసి కొలిస్తే అసలు పవర్ బయటపడుతుంది. అందుకే పిల్లలకి చుక్కలు వేయకుండా మెషిన్ మీద మాత్రమే చూసి అద్దాలు రాసేయడం సరైన పద్ధతి కాదు, తల్లిదండ్రులు ఈ మాట అడిగి చేయించుకోవాలి. విశ్రాంతితో, దూరం చూసే అలవాటుతో ఇలాంటి దొంగ మైనస్ తగ్గిపోవడం మామూలే. వ్యాయామాలతో కళ్లజోడు వదిలేశామనే నిజమైన కథల్లో మంచి వాటా దీనిదే అయి ఉండాలి.

ఇంకో రకం, ఒంట్లో మార్పు వల్ల చూపు మారడం. షుగర్ అదుపు తప్పినప్పుడు లెన్స్‌లో నీరు చేరి కొన్ని వారాల పాటు పవర్ అటూ ఇటూ అవుతుంది. షుగర్ దారిలోకి వస్తే పవర్ కూడా వెనక్కి వస్తుంది. అలాంటి సమయంలో కొత్త అద్దాలు చేయించుకుంటే నెల తిరక్కుండా పనికిరాకుండా పోతాయి. 60 దాటినవాళ్లు ఉన్నట్టుండి "చదువుకోవడానికి నాకు అద్దాలు అక్కర్లేదు, చూపు వెనక్కి వచ్చింది" అని సంతోషపడటం కూడా చూస్తుంటాం. అది చాలాసార్లు శుక్లం ముదురుతున్న గుర్తు. లెన్స్ నడిమి భాగం గట్టిపడి దాని శక్తి పెరిగి కన్ను మైనస్ వైపు జరుగుతుంది, దగ్గరవి కనిపిస్తాయి, దూరం మసకబారుతుంది. ఆ సమయంలో వాడుతున్న ఆకుపసరుకో వ్యాయామానికో ఆ ఘనత దక్కుతుంది, శుక్లం మాత్రం ముదురుతూనే ఉంటుంది.

వయసు లెక్క కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. అమెరికాలో కోమెట్ అనే పేరుతో మయోపియా ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, 15 ఏళ్లకు దాదాపు సగంమందిలో, 18కి 77 శాతంలో, 21కి 90 శాతంలో మైనస్ పెరగడం ఆగిపోయింది. కాబట్టి 18వ ఏట వ్యాయామాలు మొదలుపెట్టిన వ్యక్తికి "అప్పటి నుంచి పవర్ పెరగలేదు" అని అనిపించడానికి ఎక్కువ అవకాశం ఉంది, చేసినా చేయకపోయినా. పక్కింటి మనిషికి అదే వ్యాయామం పదేళ్ల వయసులో పనిచేయలేదంటే పద్ధతి తప్పుగా చేశాడని తీర్మానిస్తారు. చిన్నపిల్లల్లో ఉండే కొద్దిపాటి ప్లస్ పవర్ అయితే కన్ను ఎదిగేకొద్దీ దానంతట అదే తగ్గుతుంది, అక్కడా అంతే.

"కళ్లజోడు పెట్టుకోవడం మొదలెట్టాకే పవర్ పెరిగింది" అన్న నమ్మకానికి కూడా మూలం ఇదే. కళ్లజోడు వచ్చే వయసూ, కన్ను సాగుతున్న వయసూ ఒకటే. తక్కువ పవర్ అద్దాలు ఇస్తే కన్ను శ్రమపడి బాగుపడుతుందనే ఆలోచనను మలేషియాలో పరీక్షించి చూశారు. 94 మంది పిల్లల్లో కొందరికి పూర్తి పవర్, కొందరికి 0.75 తక్కువ ఇచ్చి రెండేళ్లు గమనిస్తే, తక్కువ ఇచ్చినవాళ్లలోనే మైనస్ ఎక్కువ పెరిగింది, ఒక వైపు 0.77 అయితే ఇంకో వైపు 1.00. 2002లో ఈ ఫలితాలు వచ్చాయి. పిల్లల కళ్లజోడు దాచేసి, మసకలోనే ఉంచి బలం తెప్పించాలనుకోవడం ఈ కారణంగానే వద్దనేది. అద్దాలు అలవాటైతే వదల్లేకపోవడం మాత్రం నిజం. స్పష్టత అంటే ఏంటో ఒకసారి తెలిశాక మసకను భరించడం కష్టమవుతుంది, దాన్నే కన్ను బలహీనపడిందని అనుకుంటారు.

ఇప్పుడు విడివిడిగా పద్ధతుల దగ్గరికి వద్దాం. అరచేతులు రుద్దుకుని కళ్ల మీద మూతలా పెట్టుకోవడం హాయిగా ఉంటుంది, తలనొప్పి తగ్గొచ్చు, చేసుకోవచ్చు, నష్టమేమీ లేదు, కనుగుడ్డును నొక్కనంతవరకు. కళ్లను గుండ్రంగా తిప్పడం, పైకీ కిందకీ చూడటం కూడా అంతే. కంటిని కదిపే కండరాలు ఎలాగూ రోజంతా లక్షసార్లు పనిచేస్తూనే ఉంటాయి, వాటికి బలం చాలకపోవడం అనేది సైటుకు కారణమే కాదు. దీపం వైపు రెప్ప వేయకుండా చూసే త్రాటకం హఠయోగ గ్రంథాల్లో శుద్ధి క్రియల్లో ఒకటిగా ఉంది. ఏకాగ్రతకు, మనసు నిలపడానికి దాన్ని సాధన చేసేవాళ్లకి అది ఉపయోగపడితే సంతోషం, కానీ దానివల్ల మైనస్ తగ్గుతుందనడానికి ఆధారం కనిపించదు. కళ్లు పొడిబారేవాళ్లు రెప్ప వేయకుండా ఉండటం అసలు మంచిది కాదు.

ఎండ పద్ధతి దగ్గర మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. మూసిన రెప్పల మీద ఉదయపు ఎండ తగలనివ్వడం ఒక సంగతి, సూర్యుణ్ణి నేరుగా చూడటం ఇంకో సంగతి. రెటీనాకి నొప్పి తెలియదు. కాలిపోతున్నప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటల తర్వాత చూపు నట్టనడుమ ఒక మచ్చ తేలుతుంది, కొందరిలో అది ఎప్పటికీ పోదు. ఉదయించే సూర్యుడైతే పర్వాలేదనే మాట నమ్మి ఈ పని చేయొద్దు. తేనె, ఆముదం, ఆకుపసర్లు కంట్లో వేసుకోవడం కూడా ఇదే కోవలోది. కంటి కోసం సూక్ష్మజీవులు లేకుండా తయారుచేయనిది ఏదైనా కార్నియాకు పుండు చేయగలదు, ఆ పుండు మానినా మచ్చ మిగులుతుంది, మచ్చను ఏ కళ్లజోడూ సరిచేయలేదు.

కంటి వ్యాయామాలు పనిచేసే చోటు ఒకటి కచ్చితంగా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ప్రచారం చేయరు. దగ్గర చదివేటప్పుడు రెండు కళ్లూ లోపలికి సమంగా తిరగాలి. కొందరికి అది సరిగ్గా కుదరక అక్షరాలు రెండుగా కనిపించడం, పంక్తులు ఈదినట్టు ఉండటం, పది నిమిషాలకే తలనొప్పి రావడం జరుగుతుంది. అమెరికాలో 2008లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో ఇలాంటి 221 మంది పిల్లలకి, 9 నుంచి 17 ఏళ్ల మధ్యవాళ్లకి, 12 వారాల పాటు నాలుగు రకాల చికిత్సలు ఇచ్చి చూశారు. థెరపిస్టు దగ్గరుండి చేయించిన వ్యాయామాలతో 73 శాతం మంది బాగయ్యారు లేదా బాగా మెరుగయ్యారు. ఇంట్లో పెన్సిల్ కొనను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ చేసిన గుంపులో అది 43 శాతం, ఉత్తుత్తి వ్యాయామం ఇచ్చిన గుంపులో 35 శాతం. అంటే అందరూ చెప్పే పెన్సిల్ వ్యాయామం ఇంట్లో ఒంటరిగా చేస్తే ఉత్తుత్తిదానికంటే గొప్పగా ఏమీ పనిచేయలేదు. సరైన రోగానికి సరైన శిక్షణ, పక్కన చూసే మనిషి, ఈ రెండూ కుదిరితేనే ఫలితం.

లేజీ ఐ విషయంలో కూడా శిక్షణ పనిచేస్తుంది. ఒక కన్ను చిన్నప్పుడే సరిగ్గా వాడకంలోకి రాకపోతే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. బాగున్న కన్నును రోజూ కొన్ని గంటలు మూసి ఉంచి రెండోదాన్ని పని చేయిస్తారు. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, చాలామంది పిల్లల్లో ఈ చికిత్స మొదటి మెట్టు కళ్లజోడే. స్పష్టమైన బొమ్మ అందితేనే మెదడు ఆ కన్నును వాడటం నేర్చుకుంటుంది. కళ్లజోడు లేకుండా సహజంగా బాగుచేద్దామని ఐదేళ్ల పిల్ల విషయంలో రెండు మూడేళ్లు గడిపేస్తే తర్వాత అద్దాలు పెట్టినా ఆ చూపు పూర్తిగా రాకపోవచ్చు. ఇలా పోయిన చూపు గురించి ఆలోచిస్తేనే బాధేస్తుంది, ఎందుకంటే పోవాల్సిన అవసరమే లేదు.

అసలైన సహజ పద్ధతి అంటూ ఒకటి ఉంటే అది ఆరుబయట గడపడం. సిడ్నీలో, సింగపూర్‌లో ఉన్న చైనా మూలాల పిల్లల్ని, 6, 7 ఏళ్లవాళ్లని, పోల్చిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. సింగపూర్ పిల్లల్లో 29.1 శాతానికి మయోపియా ఉంది, సిడ్నీలో 3.3 శాతానికే. తల్లిదండ్రుల సైటులో అంత తేడా లేదు, పుస్తకాలు సిడ్నీ పిల్లలే ఎక్కువ చదివారు. కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఒకటే, సిడ్నీ పిల్లలు వారానికి 13.75 గంటలు బయట ఉంటే సింగపూర్ పిల్లలు 3.05 గంటలే ఉన్నారు. తర్వాత చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 స్కూళ్లను తీసుకుని, సగం స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ అదనంగా 40 నిమిషాల బయటి క్లాసు పెట్టారు. మూడేళ్లకు ఆ పిల్లల్లో 30.4 శాతానికి కొత్తగా మయోపియా వచ్చింది, మామూలు స్కూళ్లలో 39.5 శాతానికి. తైవాన్ 2010లో రోజుకి 120 నిమిషాలు బయట ఉండాలని స్కూళ్లన్నిటిలో పెట్టింది. అప్పటిదాకా ఏటా పెరుగుతూ 2011లో 50 శాతానికి చేరిన చూపు తగ్గిన పిల్లల వాటా 2015కి 46.1కి దిగింది. ఎన్నో ఏళ్లుగా ఎక్కడమే తప్ప దిగని అంకె అది.

కారణం ఆటలో ఉండే వ్యాయామం కాదు, వెలుతురు అనేదే బలమైన ఊహ. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, బాగా లైట్లు వేసిన గదిలో 500 లక్స్ ఉంటే గొప్ప. మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది, ఎండరోజున చెట్టు నీడలో కూడా గది కంటే ఎన్నో రెట్లు. ఆ వెలుతురుకి రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు ఎదుగుదలకు అది కళ్లెం వేస్తుందని కోడిపిల్లల మీదా ఇతర జంతువుల మీదా చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. కాబట్టి సూర్యుణ్ణి చూడక్కర్లేదు, మండే ఎండలో నిలబడక్కర్లేదు, టోపీ పెట్టుకుని నీడలో ఆడుకున్నా చాలు. అయితే ఇది ప్రధానంగా మయోపియా మొదలవకుండా ఆపడానికి పనికొచ్చేది. మొదలైపోయాక దాని వేగాన్ని తగ్గించడంలో బయటి వెలుతురు పాత్ర అంత గట్టిగా తేలలేదు. అప్పుడు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, మైనస్ పెరుగుదలను నెమ్మదింపజేసే ప్రత్యేక అద్దాలు, రాత్రి పెట్టుకునే గట్టి కాంటాక్ట్ లెన్సులు ఉన్నాయి. అట్రోపిన్ మొదట దొరికింది మొక్క నుంచే, సహజమైనదే కావాలని పట్టుబట్టేవాళ్లకి ఈ మాట చెప్పొచ్చు. ఒక్క డయాప్టర్ పెరగకుండా ఆపినా, మయోపియా వల్ల రెటీనా నడిమి భాగం దెబ్బతినే ప్రమాదం సుమారు 40 శాతం తగ్గుతుందని 2019 నాటి ఒక విశ్లేషణ లెక్కగట్టింది. ఆరేడేళ్ల పిల్లలున్న ఇంట్లో పెట్టే శ్రద్ధకు ఇంత విలువ ఉంది.

చత్వారం సంగతి వేరు. పదేళ్ల పిల్లల లెన్స్ 12 డయాప్టర్లకు పైగా ఫోకస్ మార్చగలదు, అందుకే పుస్తకం ముక్కుకి ఆనించుకున్నా చదవగలరు. 45 దగ్గరికి వచ్చేసరికి అది నాలుగు లోపుకి, 60కి ఒకటికి అటూ ఇటూ పడిపోతుంది. కండరం నీరసపడటం వల్ల కాదు, లెన్స్ గట్టిపడటం వల్ల. గట్టిపడ్డ లెన్స్‌ను వ్యాయామం మెత్తబరచదు. అమెరికాలో 2021లో అనుమతి పొందిన పైలోకార్పిన్ చుక్కలు అద్దాలు లేకుండా కొన్ని గంటలు చదివించగలవు. అవి చేసేది కూడా కనుపాపను కుదించడమే, అదే సూది కన్నం, ఈసారి కంట్లోనే. చుక్క వేసుకున్నాక మసకవెలుతురులో చూపు తగ్గుతుంది, తలనొప్పి రావచ్చు, ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు రెటీనా చూపించుకోకుండా వాడకూడదు.

తిండి దగ్గర త్వరగా తేల్చేద్దాం. విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది, పిల్లల్లో కార్నియా కరిగి చూపే పోవచ్చు, అక్కడ విటమిన్ ఎ ప్రాణంతో సమానం. లోపం లేనివాళ్లు ఎన్ని క్యారెట్లు తిన్నా మైనస్ కదలదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట శత్రు విమానాల్ని కూల్చిన బ్రిటిష్ పైలట్ల చూపుకి క్యారెట్లే కారణమని అప్పట్లో ప్రచారమైంది, అసలు కారణం విమానాల్లో అమర్చిన రాడార్. వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకి ప్రత్యేకమైన విటమిన్, జింక్ మిశ్రమం వాడితే జబ్బు ముదిరే ప్రమాదం ఐదేళ్లలో నాలుగో వంతు తగ్గుతుందని 2001లో తేలింది. అది ఆ జబ్బుకి, ఆ దశకి. అదే మాత్రలు ఆరోగ్యంగా ఉన్న కళ్లకి చూపు పెంచేవిగా అమ్మడం మోసమే.

స్క్రీన్ అలసట మాత్రం సహజ పద్ధతులతో నిజంగా తగ్గేది. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా కొట్టుకునే రెప్ప, స్క్రీన్ ముందు సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది, కన్నీటి పొర ఆరిపోయి మంట, ఉండుండి మసక. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడటం, కావాలని రెప్పలు నిండుగా మూసి తెరవడం, స్క్రీన్‌ను కళ్ల ఎత్తు కంటే కాస్త కిందికి దించుకోవడం, ఫ్యాన్ గాలి మొహాన కొట్టకుండా చూసుకోవడం, ఇవన్నీ పనిచేస్తాయి. బ్లూ లైట్ అద్దాల మీద 17 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2023లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ నుంచి వచ్చింది, మామూలు అద్దాలతో పోలిస్తే అలసట తగ్గిస్తాయన్న దానికి ఆధారం దొరకలేదని చెప్పింది.

చివరిగా ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ల గురించి, ముఖ్యంగా మైనస్ 6 దాటినవాళ్ల గురించి. సాగిన కంట్లో రెటీనా పల్చబడి ఉంటుంది, చిరగడానికీ ఊడటానికీ అవకాశం ఎక్కువ, గ్లకోమా ప్రమాదం కూడా ఎక్కువ. గ్లకోమా చివరిదాకా ఏ నొప్పీ లేకుండా పక్కల చూపును తినేస్తుంది, నట్టనడుమ చూపు బాగానే ఉంటుంది కాబట్టి బోర్డు మీద అక్షరాలు చదివేసి బాగున్నాననుకోవచ్చు. వ్యాయామాలు నమ్మినవాళ్లు చేసే అసలైన పొరపాటు వ్యాయామం చేయడం కాదు, చూపు మెరుగైందన్న ధీమాతో పరీక్షలు మానేయడం. లేజర్ ఆపరేషన్ చేయించుకుని కళ్లజోడు వదిలేసినవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది, ఆ ఆపరేషన్ కార్నియాను చెక్కుతుందే తప్ప కనుగుడ్డు పొడవును తగ్గించదు. ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా అంచుల దాకా చూపించుకోవాలి. చూపులో ఉన్నట్టుండి నల్లటి చుక్కలు గుంపుగా ఈదడం, పక్కనుంచి మెరుపులు రావడం, ఒక మూల నుంచి తెర దిగుతున్నట్టు చీకటి పరుచుకోవడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకుండా అదే రోజు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఊడుతున్న రెటీనా నడిమి భాగం దాకా రాకముందే ఆపరేషన్ జరిగితే చదివే చూపు చాలావరకు నిలుస్తుంది.